మడచెట్ల కింద కొంగ

అక్కా,

నువ్వు కులాసాగా ఉన్నావనుకుంటాను. నేను మాత్రం ఉడికిపోతున్నాను, ఈ దీవి ఎండకి కాదు, మీ మరిది వల్ల.

పిట్టలు చూడ్డం నాకు కొత్తని తెలుసుగా. మొదటి మూడు రోజులూ బైనాక్యులర్స్‌లో నా కనురెప్పల వెంట్రుకలే కనిపించాయి. ఈయనగారిది పదేళ్ల అనుభవం. నేను వేలెత్తితే చాలు, చూడకుండానే "అది కాకి" అంటారు.

నిన్న పొద్దున ఉప్పునీటి ఒడ్డున పెరిగే మడచెట్ల దగ్గర ఈయన కెమెరా లెన్సు తుడుచుకుంటుంటే, బురదలో ఒక కొంగ కనబడింది. గోధుమరంగు ఒళ్లు, మెడ నిండా చారలు, పాతిన పుల్లలా కదలదు. పుస్తకం తిరగేస్తే, ఏడాదికొకసారి కూడా కనబడని చారల కొంగ. పిలిచేలోగా చెట్లలోకి దూరింది. ఆయనకి పూసగుచ్చినట్టు చెప్పాను. "ఊఁ" అన్నారు.

మా బసలో ఒక పద్ధతి ఉంది. సాయంత్రం టీ దగ్గర గైడు పిట్టల పేర్లు చదువుతాడు. చూసినవాళ్లు చెయ్యెత్తితే బోర్డు మీద వాళ్ల పేరు రాస్తాడు. చారల కొంగ అనగానే ఈయన చెయ్యి లేచింది. నా చారలు, నా పుల్ల పోలిక, అన్నీ అప్పజెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను అక్కా. అదే నా మంట.

గదిలో అడిగితే, "ఎవరు చెబితే ఏంటి? నువ్వు చెబితే నమ్మేవారా?" అన్నారు. ఇరవై రెండేళ్లుగా నా జోకులు ఆయన నోట విని అందరికంటే ముందు నవ్విందాన్ని నేనే. అలా నవ్వడమే నా తప్పేమో, తెలీదు. ఇవాళ సాయంత్రం మాత్రం అందరి ముందూ ఆయన్ని కడిగేస్తాను.

నీ చెల్లి

---

అక్కా,

కడగలేదు. ముందు విను, తర్వాత తిట్టు.

అసలు నేను సరిగ్గా చూశానా అని నాకే అనుమానం వచ్చింది. గ్యాస్ కట్టేశానో లేదో అని వీధి మలుపు నుంచి వెనక్కొచ్చే రకాన్ని కదా. మధ్యాహ్నం ఒక్కదాన్నే వెళ్లి మడచెట్ల కింద రెండు గంటలు కూర్చున్నాను. దోమలు పీక్కుతిన్నాయి. కొంగ వచ్చింది. దాని వెనకే రోజూ చూసే బూడిదరంగు కొంగ వచ్చి, దీని నోట్లో చేప కక్కింది. అరుదూ లేదు, గిరుదూ లేదు. తల్లి రంగు ఇంకా రాని పిల్ల, అంతే.

నోరు మూసుకుని ఉంటే, ఎప్పుడో ఒకరోజు ఆయనే నవ్వులపాలయ్యేవారు. అబద్ధమెందుకు, ఆ ఆలోచన కాసేపు తియ్యగానే ఉంది. కానీ అప్పుడు నా పొరపాటు కూడా ఆయనదే అయిపోతుంది. అదీ ఇచ్చేయాలా?

సాయంత్రం గైడు బోర్డు తియ్యగానే లేచాను. "చారల కొంగ కొట్టేయండి. అది మామూలు కొంగ పిల్ల. పొరబడింది నేను. ఆయన అసలు చూడలేదు."

"అదేం లేదు, మేమిద్దరం..." అన్నారు ఈయన.

"మీరప్పుడు లెన్సు తుడుచుకుంటున్నారండీ" అన్నాను.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. గైడు ఆయన పేరు చెరిపి, "కొంగ పిల్ల" అని రాసి, చూసిందెవరని అడిగాడు. నా పేరు చెప్పాను. సరిగ్గా రాస్తున్నాడో లేదో దగ్గరకెళ్లి మరీ చూసుకున్నాను.

ఈయన నాతో మాట్లాడటం లేదు. నా కోపమూ తగ్గలేదు, తగ్గించుకునే తొందరా లేదు. రేపు పొద్దున్నే అవతలి ఒడ్డుకి ఒక్కదాన్నే వెళ్తున్నాను. కాకి కనబడితే, అది కాకే అని నేనే చెప్పుకుంటాను.

నీ చెల్లి