తెగిన పోగు సప్పుడు

తమ్ముడు అంబాదాస్‌కు, జోడ్‌భావి పేట్ నుంచి అక్క రాసేది.

నీ క్యాసెట్ ముట్టింది. సిన్మా నడుమల్నే ఆగిపోయిందని, దానికోసం కట్టిన మ్యూజిక్‌నే క్యాసెట్ జేసినవని రాసినవ్. పాట లేదు, మాట లేదు. అంత కీబోర్డు సప్పుడు, దాని కింద మన నేత సాంచాల సప్పుడు. నాకేం సమజ్ కాలె. బాపు మాత్రం కండ్లు మూసుకొని ఇన్నడు. అప్పట్ల నువ్వు ఆ సాంచాల సప్పుడు రికార్డు జేస్తుంటె "ఈ లొల్లి ఎవడింటడ్రా" అని తిట్టింది ఈయనేనా అనిపిచ్చింది.

ఇన్నొద్దులు నీకో ముచ్చట రాయలె. చద్దర్లు నేసే మన సాంచాలను దీపావళికే తుక్కు కింద అమ్మేసినం. నువ్వు బాధపడ్తవని బాపే రాయొద్దన్నడు.

క్యాసెట్‌ల రెండో పక్క సాంచా టక్కున ఆగుతది గద? ఆడికి రాంగనే బాపు "పోగు తెగింది" అని లేస్తడు. మోకాళ్లు పట్టుకొని కార్ఖానా తలుపు దాంక పోతడు. గంతల్నే క్యాసెట్‌ల సప్పుడు మళ్ల మొదలైతది. వచ్చి కూసుంటడు. "ఎవలో పోగు అతికిండ్రు" అంటడు.

ఖాళీ కార్ఖానల ఎవలు అతుకుతరు తమ్మీ? నాకు సూడబుద్ధి కాలె. ఆ ఆగుడు తీసేసి ఇంకో క్యాసెట్ పంపుమని నీకు రాస్తున్ననని బాపుకు జెప్పిన.

"వద్దని రాయి," అన్నడు. "అది ఆగకుంటె నాకు లేసే పనేముంటది?"

అందుకే ఏం మార్చకు.

నీ అక్క