యాభై గంటలకు ముగ్గురు రిలీవర్లు

నవంబరు 3, సోమవారం

మబ్బు. గాలి లేదు. 5.40కి కుళాయి నీళ్లు పట్టాను. ఆరు బిందెలు.

ఈరోజు నుంచి కొత్త నియమం: రోజూ డ్యూటీకి ముందు కంప్యూటర్ పని. అచ్యుతాపురంలో మా ఫ్యాక్టరీ మేనేజరు కృష్ణంరాజుగారు మాట ఇచ్చారు. కార్మికుల షిఫ్టుల పట్టీని కంప్యూటరే వేసేలా ప్రోగ్రాం రాసి చూపిస్తే హాజర్లు చూసే టైమ్ ఆఫీసులో కుర్చీ నాదే. జనరల్ షిఫ్ట్, అంటే రోజూ పగలే పని! గడువు శనివారం. బాయిలర్ దగ్గర పదకొండేళ్లయింది. నా భార్య దేవీ నేనూ కలిసి రాత్రి అన్నం తినేది మూడు వారాలకోసారి.

నా పాత ల్యాప్‌టాప్‌కి ఆ పని మోసే శక్తి లేదు. అందుకని నెట్‌లో ఉచితంగా దొరికే నల్ల తెర. ఇక్కడ ఆజ్ఞ టైప్ చేస్తే ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్ చేసి పెడుతుంది. ముఖ్యమైన షరతులు రెండు.

తెర తెరిచి ఉంచేది వారానికి యాభై గంటలు.
ఇరవై నిమిషాలు ఏ కీ నొక్కకపోతే కనెక్షన్ కట్.

రోజుకు మూడు గంటలు చాలు. శనివారానికి పద్దెనిమిది. ముప్ఫై రెండు గంటలు మిగులు! అంత సమయం ఏం చేసుకోవాలి?

నవంబరు 4, మంగళవారం

ఉక్క. 8.05కి కొత్తిమీర కోసం సందు చివరికి వెళ్లాను. తెలిసినాయన ఆపి మోకాలి నొప్పి గురించి చెప్పాడు. 8.31కి వచ్చాను. కనెక్షన్ లేదు. సేవ్ చేయని నలభై లైన్లూ లేవు.

తప్పు నాదే. తర్వాతి షిఫ్టు మనిషి, అంటే రిలీవర్, వచ్చి సంతకం పెట్టందే బాయిలర్ దగ్గర కుర్చీలోంచి లేవను. ఒకసారి జ్వరంతో రెండు షిఫ్టులు అలాగే కూర్చున్నాను. ఇక్కడ కొత్తిమీరకి లేచిపోయాను!

నిర్ణయం: తెర దగ్గర ఎప్పుడూ మనిషి ఉండాలి. దేవికి చెప్పాను.

“దానిక్కూడా రిలీవరేటండీ? మరి నా పొయ్యి కాడికి ఎవులొత్తారు?”

రిజిస్టరు కోసం ఖాళీ నోటుపుస్తకం వెతికాను.

నవంబరు 5, బుధవారం

7.00కి తెర తెరిచాను. రిజిస్టరు గీశాను: టైము, కీ నొక్కినవారు, సంతకం. ఇంట్లో ముగ్గురం. మూడు షిఫ్టులు. పెన్సిల్‌తో పట్టీ వేయడానికి పది నిమిషాలు పట్టలేదు. ఎవరికీ వరసగా రెండు షిఫ్టులు పడలేదు. చాలా బాగా కుదిరింది.

మధ్యాహ్నం 12.00కి, బి షిఫ్టుకి వెళ్తూ దేవికి ఛార్జి అప్పగించాను. రాత్రి షిఫ్టు మా అత్తగారు పోతమ్మగారిది; ఆవిడకి కీ చూపించాను. హార్బర్‌లో ముప్ఫై ఏళ్లు చేపలమ్మిన మనిషి. నిద్రకి లొంగదు.

“ఇది నొక్కితే ఏటొత్తాది బావూ?”

“ఏమీ రాదండి. నొక్కకపోతే పోతుంది.”

“మీ మావా అంతే. గంటకోపాలి పలకరించకపోతే లెగిసెల్లిపోయీవోడు.”

బస్సులో హాయిగా నిద్రపోయాను.

నవంబరు 6, గురువారం

జల్లు. మేడ మీద బట్టలు తీశాను. రిజిస్టరు చూశాను. రాత్రంతా పావుగంటకోసారి సంతకం గడిలో అత్తగారి గీత. ఒక్కటి తప్పలేదు. కనెక్షన్ పోలేదు!

ప్రోగ్రాం: ఇరవై నిమిషాలు రాశాను. మిగిలిన పొద్దు రిజిస్టరులో ‘రిమార్కులు’ గడి గీయడానికి సరిపోయింది. పద్ధతి కుదిరితే పని అదే నడుస్తుంది. రేపు గట్టిగా కూర్చుంటాను.

దేవి తన షిఫ్టులో చిక్కుడుకాయలు ఒలుస్తూ మోచేత్తో కీ నొక్కుతోంది. నేను చూడటం చూసింది.

“షిఫ్టులు తప్పించుకుంటానని మొదలెట్టీసి మమ్మల్ని షిఫ్టుల్లో ఏసీసేరు. మాకు ఓటీ డబ్బులున్నాయేటి?”

రిమార్కుల్లో రాయలేదు.

నవంబరు 7, శుక్రవారం

6.00కి లేచాను. తెర మీద ఒకటే వాక్యం: ఈ వారం పరిమితి పూర్తయింది, మళ్లీ సోమవారం.

అత్తగారు ఇంకా కీ నొక్కుతున్నారు. తెల్లవారుజాము మూడు నుంచి ఆ వాక్యానికే కాపలా.

“ఏదో రాసొచ్చింది బావూ. మంచిదే అనుకున్నాను.”

లెక్క వేశాను. యాభై గంటల్లో ప్రోగ్రాం రాసింది ఆరు గంటల నలభై నిమిషాలు. మిగతాదంతా కాపలా. తెరిచి ఉన్న ప్రతి నిమిషమూ లెక్కకొస్తుంది. సోమవారం ఈ డైరీలో నేనే రాసుకున్నాను.

అత్తగారి పేరున ఇంకో ఖాతా తెరిస్తే? నిబంధనలు ఒప్పుకోవు. ఆవిడ ఒప్పుకున్నారు. వద్దనుకున్నాను.

నవంబరు 8, శనివారం

ఎండ. చొక్కా ఇస్త్రీ చేసుకున్నాను. 11.00కి కృష్ణంరాజుగారి గది. ల్యాప్‌టాప్ తెరిచాను. అదే వాక్యం. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

“యాభై గంటలు ఏం చేశావయ్యా?”

“కనెక్షన్ పోకుండా చూసుకున్నానండి.”

“పని?”

“సగం అయిందండి.”

“మరి లేచేటప్పుడు కట్టేసుకోవచ్చు కదయ్యా? సేవ్ చేసుకుంటే పని ఎక్కడికి పోతుంది?”

నిజమే. ఈ వారమంతా ఆ ఆలోచనే రాలేదు. బాయిలర్‌ని ఎవరూ అలా కట్టేసి వెళ్లరు.

“వచ్చే శనివారం. అదే ఆఖరు. ఆ తర్వాత బయటివాళ్లకి ఇచ్చేస్తాను,” అన్నారు. సోమవారం నుంచి నాకు సి షిఫ్ట్, అంటే రాత్రంతా. ఆ పట్టీ చేత్తో రాసిందే.

ఇంటికొచ్చి దేవికి చెప్పాను. నా రాత్రి భోజనం క్యారేజీ తీసి కడిగిపెట్టింది.

నవంబరు 10, సోమవారం

మంచు. 5.30కి పాల ప్యాకెట్లు తెచ్చాను. యాభై గంటలూ మళ్లీ వచ్చాయి!

కొత్త నియమం. రిలీవర్లు లేరు. రిజిస్టరు చించేశాను. కుర్చీలోంచి లేచే ముందు సేవ్, తర్వాత మూసివేత. ఎంత చిన్న పనికైనా సరే. అత్తగారికి కూడా చెప్పాను. “అయితే నన్ను పన్లోంచి తీసీసినట్టేనా?” అని అడిగారు. కొంచెం చిన్నబుచ్చుకున్నారు.

6.10కి తెర తెరిచాను. 6.50కి ప్రోగ్రాం వేసిన పట్టీలో ఆదివారం సెలవులు సరిగ్గా పడ్డాయి. మొదటిసారి!

7.15. గ్యాస్ బండ వచ్చింది, పైకి మోయాలని దేవి పిలుస్తోంది. మూడో అంతస్తు. సేవ్ చేశాను. మూసి వెళ్లాలి. రెండే నిమిషాల పని కదా, అంతలోకి మూయడమెందుకు, అత్తగారు ఎలాగూ ఇక్కడే కూర్చుని ఉన్నారు, కీ మీద వేలు పెట్టుకుని.