జేబులో వెళ్లిపోయిన సూది

అన్నయ్యా,

నాతో గొడవపడి వెళ్లేటప్పుడు కూడా నీ అలవాటు పోలేదు. రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ కడిగి, లోపలి సూది తీసి, మొన వంగకుండా చొక్కా జేబులో పెట్టుకుని అలాగే మీ అత్తగారింటికి వెళ్లిపోయావు. చొక్కా ఉతికేముందు జేబు చూడమని వదినతో చెప్పు.

కొత్త సూది కొన్నాను. అది నాజిల్‌లో సరిగ్గా కూర్చోవడం లేదు, గీత సన్నగా రాకుండా రంగు తుంపర్లుగా పడుతోంది. బైకు ట్యాంకు మీద గద్ద బొమ్మకి ఒక కన్నే వేశాను. రెండోదానికి చెయ్యి ఆడటం లేదు. పొద్దుట్నుంచి కంప్రెసర్ వేస్తున్నాను, ఆపుతున్నాను. ఒకచోట కూర్చోలేకపోతున్నాను. బైకాయన వచ్చి, "మీ అన్న లేడా?" అన్నాడు. భోజనానికి వెళ్లాడని చెప్పాను.

షాపు బోర్డు మీద నీ పేరే ముందు రాయించుకో, నాకేం పట్టింపు లేదు. సూది మాత్రం పోస్టులో పంపకు, దారిలో వంగిపోతుంది. జేబులో పెట్టుకుని నువ్వే రా.

నీ తమ్ముడు