సొరంగంలో ఈల వేయనీయకుండుట గురించి

సైకిల్ బాట నిర్వహణాధికారి గారి సముఖమునకు, పాత గని ల్యాంపు గదిలో పంక్చర్ దుకాణం నడుపుకొను స్త్రీ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: బాట మీది సొరంగంలో ఈలలు నిషేధించుట, నా భర్తను ప్రాణములతో విడిపించుట.

1. గనులు మూతపడిన పిమ్మట బొగ్గు బళ్ల పట్టాలు పీకించి, అడవిలోంచి మా గని ఊళ్ల మీదుగా తమరు నున్నటి తారు బాట వేయించియున్నారు. బాట బాగున్నది. దాని మీద సైకిళ్లు తొక్కువారి పంక్చర్లే మాకు కూడు పెట్టుచున్నవి. కాదనను.

2. సదరు బాట మా ఊరు దాటగానే పాత సొరంగంలోకి పోవును. లోపల భలే మోగుతుందని సైకిళ్లవారు ఈలలు వేయుచున్నారు. గనిలో సరదాకి ఎవడూ ఈల వేయడు. మేస్త్రీ ఒక్కడే వేస్తాడు, అదీ కప్పు కూలేటప్పుడే. ఈల వినబడితే ముందు పక్కవాణ్ణి పట్టి గోడ వారకు విసరాలి, ఆ తర్వాతే మన కాళ్లకు బుద్ధి చెప్పాలి. అది మా పద్ధతి.

3. ఒకప్పుడు గనిలో దిగిన నా భర్త ఇప్పుడు సొరంగం ఊడ్చు పనిలో ఉన్నాడు. తమరిచ్చిన పనే. మొన్న ఎర్ర హెల్మెట్ వాడొకడు లోపల ఈల వేయగా, మా ఆయన చీపురు పారేసి, పోతున్న సైకిల్ మీది నుంచే వాణ్ణి మెడ పట్టి లాగి గోడకేసి కొట్టి, మీద పడి కప్పేశాడు. వాడి పళ్లు రాలినవి, భుజం విరిగినది. ఒప్పుకుంటున్నాను. కానీ మా ఆయన రెండు చేతులూ వాడి తలకే అడ్డం పెట్టాడయ్యా, తన తలకు కాదు! అది ఎవడికీ కనబడలేదు.

4. కనబడకపోగా వాడి స్నేహితులు సైకిల్ గొలుసుతో మా ఆయన్ని చావబాదారు. నేను పరుగెత్తుకెళ్లేసరికి చెవి తెగి వేలాడుతోంది. అయినా ఆ మనిషి, "అందరూ బయటికొచ్చారా? చిన్నోడొచ్చాడా?" అంటున్నాడు. చిన్నోడంటే మా మరిది. గని కూలిననాడు ఈల వింటూ కూడా, ఎవరో ఆట పట్టిస్తున్నారనుకొని నవ్వుతూ నిలబడ్డాడు. మా ఆయన అందిన వాణ్ణి లాగాడు, తమ్ముడు అందలేదు. ఇప్పటికీ లోపలే ఉన్నాడు. తమరు ఆ గని నోటికి గోడ కట్టించి పువ్వుల బొమ్మలు వేయించారు.

5. గొలుసు పట్టినవాడి మోచేతి మీద నేను పెద్ద పానాతో వేశాను. విరిగింది. మళ్లీ వేశాను. ఇది ఇంకెవరో చాడీ చెప్పకముందే నేనే మనవి చేసుకొనుచున్నాను.

6. పోలీసులు వచ్చి మా ఆయన్నే పట్టుకుపోయి లాకప్పులో వేశారు. స్టేషన్‌లో హెడ్డు గారు, "ఈల వేస్తే చంపేస్తాడా మీ ఆయన?" అన్నారు. "చంపడు బాబూ, బతికిస్తాడు" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. అప్పటి నుంచి వాళ్లకదో ఆట. లాకప్పు ముందు ఈల ఊదుతారు. మా ఆయన పక్కనున్న దొంగను గోడకేసి విసురుతాడు. వాళ్లు లోపలికెళ్లి లాఠీలు విరిగేలా కొడతారు. మళ్లీ ఊదుతారు. నిన్న నోట్లోంచి నెత్తురు కక్కుతూ కూడా ఆ దొంగ మీద బోర్లా పడుకొని ఉన్నాడు. ఆ దొంగే ఏడుస్తూ, "అక్కా, ఇంకోసారి ఊదితే మీ ఆయన దక్కడు" అన్నాడు.

కావున తమరు ఒక్క మాట చెప్పి నా భర్తను విడిపించవలెను. అది కుదరనిచో, కనీసం ఆ స్టేషన్‌లోని ఈలలైనా లాక్కోవలెను. ఇదివరకటి అర్జీలు చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయినవి. దీన్నైనా చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
పంక్చర్ల ఆవిడ

తా.క.: ఆదివారం తమరు పిల్లలతో కలిసి మా బాట మీద సైకిల్ తొక్కుతారని బోర్డు పెట్టారు. మా ఆయన లేడు గనక సొరంగం ఇప్పుడు నేనే ఊడుస్తున్నాను. లోపల ఎవరు ఈల వేసినా ముందు మీ పిల్లల్నే లాగుతాను, వాళ్లకేమీ కానివ్వను. తమరు నవ్వుతూ నిలబడితే మాత్రం, తమరి కోసం మళ్లీ లోపలికి రాను.