వెనక దర్వాజ లేని ఇల్లు

రఘునాథపల్లి పక్క ఊరి నుంచి
1948 ఫిబ్రవరి

నాకు అక్షరమూ ధైర్యమూ నేర్పిన నాయినకు,

నీ బిడ్డ రూతు దండం పెట్టి రాసేది. దంతాలపల్లిలో నువ్వు, అవ్వ బాగున్నారని నమ్ముతున్నాను. టపాలో వేస్తే సర్కారువాళ్లు విప్పి చదువుతున్నారట. అందుకే ఎడ్ల బేరానికి మీ వైపు వస్తున్న తండా జైసింగ్ చేతికిచ్చి పంపుతున్నాను. మంచి మనిషి. కడుపునిండా అన్నం పెట్టి పంపు.

మిషన్ దవాఖానలో నర్సు కొలువు వదిలి, ఈ లడాయి ఊళ్లో ఏం చేస్తున్నావని అడిగావు. రాజీ పెద్దవ్వకు జ్వరమంటే చూసిపోదామనే వచ్చాను నాయినా. ఆ వారంలోనే జైసింగ్ భార్య మోతీబాయికి నొప్పులు వచ్చాయి. జనగామ దవాఖానకు బండి కట్టారు. సగం దారిలో బండి వాగు ఇసుకలో దిగబడింది. ఎవరో పరుగున వచ్చి నన్ను పిలిచారు. జొన్నచేను గట్టు మీద, నా చీరచెంగు పరిచి, బిడ్డను తీశాను. తల్లీ బిడ్డా బతికారు. ఆ తర్వాత ఈ ఊరు నన్ను వదల్లేదు. నాకూ ఊరిని వదలబుద్ధి కాలేదు.

దొర గడీ విడిచి పట్నం పారిపోయాక ఇక్కడ సంఘమే ఊరిని నడుపుతోంది. సంఘానికి పెద్ద గొల్ల లచ్చయ్య. ఒకరోజు సభలో ఆయన లేచి, "మనకొక ఇల్లు గావాలె. ఒక అర్రల దవాఖాన, ఒక అర్రల బడి, వసారాల పంచాయితి. ఎవల సొంతమూ గాదు, అందరిదీ" అన్నాడు. గడీ ఖాళీగానే ఉంది కదా, అందులోనే పెడదామని ఒకరన్నారు. వెంటనే గౌండ్ల కొమురమ్మ లేచింది. వెట్టికి ఎదురుతిరిగినందుకు ఆమె పెనిమిటిని ఆ గడీ వాకిట్లోనే కొట్టి చంపారు. "ఆ గడపల నా మొగని నెత్తురు వడ్డది. గాడ మందు దాగితే నాకు వంటవట్టది" అంది. ఇక ఎవరూ గడీ మాట ఎత్తలేదు.

చందాకు బయలుదేరింది మేమే, ఆడవాళ్లం. కొమురమ్మ చేతిలో చేట, మా వెనక ఊళ్లోని ఆడపిల్లలంతా. ఇంటింటికీ పోయి దోసెడు జొన్నలడిగాం. చుట్టుపక్కల ఊళ్లకూ పోయాం. ఒక ఊళ్లో మమ్మల్ని చూసి ఎవరో, "సంఘపోళ్లు గుడ బిచ్చమెత్తవట్టిరి" అని నవ్వారు. కొమురమ్మ చేట వారి ముందుకు జరిపి, "బిచ్చం గాదు బిడ్డా, విత్తనం. ఎయ్యి" అంది. వేశారు! ఆ జొన్నలు జనగామ అంగడికి పోయి సున్నమై, మేకులై, నా మందుసీసాలై తిరిగి వచ్చాయి. గౌండ్లవాళ్లు తాటిమొద్దులు ఇస్తామన్నారు. కుమ్మరివాళ్లు గూనపెంక కాలుస్తామన్నారు. చూపు పోయిన ఒక తాత, నేనేమియ్యాలె అని రెండు రోజులు బాధపడి, వాసాలు కట్టడానికి తాళ్లు పేనడం మొదలుపెట్టాడు.

అన్నిటికన్నా పెద్ద మాట చివర్న చెబుతున్నాను. శ్రీపాల్‌రెడ్డి పటేలు ఉన్నాడు చూడు, ఈ ఊళ్లో భూమి ఉండి కూడా సంఘంలో ముందుగా చేరిన ఆసామి. తన కొత్త ఇంటి కోసం దాచుకున్న టేకు మొత్తం ఇస్తానని సభలో ప్రకటించాడు. టేకు దూలాల ఇల్లు నాయినా, మాకు! ఆ రోజు లచ్చయ్య అన్న కండ్లలో నీళ్లు చూశాను. మిషన్ దవాఖానలో నా చేతికి సర్టిఫికెట్ ఇచ్చిన నాడు కూడా నేనింత మురిసిపోలేదు.

నీ బిడ్డ,
రూతు

•

1948 ఏప్రిల్

నాయినా,

ఈ ఉత్తరం అవ్వకు చదివి వినిపించకు. నువ్వొక్కడివే చదువుకో.

నేను ఇంటికి వస్తున్నాను. ఇక్కడ నాకెవరూ కీడు చెయ్యలేదు. ఆరోగ్యం బాగుంది. మరి ఎందుకంటే, నీకు తప్ప ఎవరికీ చెప్పలేను.

పోయిన ఆదివారం శ్రీపాల్‌రెడ్డి పటేలు పెద్దవ్వ ఇంటికి వచ్చాడు. వాకిలి బయటే నిలబడ్డాడు. చాలా మెత్తగా మాట్లాడాడు. "రూతమ్మా, జనగామ నుంచి ఒక కాంపౌండరును దెస్త. ముందటి అర్రల ఆయన గూసుంటడు. ఎనక చిన్న అర్ర ఏపిస్త. దానికి వేరే దర్వాజ. నువ్వు గాడ మీ వాడోళ్లకు జూడు. ఎవలికీ ఇబ్బంది ఉండది."

"తండావాళ్లు ఎటుకెళ్లి రావాలె పటేలా?" అని అడిగాను.

"వాళ్లు గుడ ఎనకనే" అన్నాడు.

"నేను గిట్ల ఒప్పుకోకపోతే?"

"నా టేకు నా ఇంటికి పోతది. కోపం జెయ్యకు. మా ఇండ్లళ్ల ఆడోళ్లు నీ చేతి మందు దాగరు, నేనేం జేతు? గిది సభల వెడితే లొల్లయితది, సంఘం రెండు ముక్కలైతది. జర మనసుల వెట్టుకో."

ఆయన చెడ్డవాడైతే నాకింత బాధ ఉండేది కాదు. రజాకార్లు వెతుకుతుంటే సంఘం మనుషులను తన పెరట్లో దాచి అన్నం పెట్టిన మనిషి. ఆయన వెళ్లిపోయాక నేను అక్కడే కూర్చుండిపోయాను. పెద్దవ్వ ఏమైందని అడిగితే తలనొప్పన్నాను.

నాయినా, నా చిన్నప్పుడు ఒకసారి నీ వెంట దొర ఇంటికి వచ్చాను, గుర్తుందా? ఏదో సర్కారు కచేరీ కాగితం చదవడానికి నిన్ను పిలిపించారు. నిన్ను పశువుల కొట్టం పక్కన నిలబెట్టారు. నువ్వు కాగితం చదివావు. వాళ్లు గోడ అవతల కూర్చుని విన్నారు. తిరుగుదారిలో నేను ఏడుస్తుంటే, "తలకాయ వంచితే మెడ అరిగిపోతదా బిడ్డా? సదువు నిలవడ్డది గదా" అన్నావు. నువ్వు అట్లా తల వంచబట్టే నన్ను చదివించగలిగావని నాకు తెలుసు. నిన్ను తప్పుపట్టడం లేదు. కానీ ఆ వంచడం నాకు రావడం లేదు.

పోనీ ఎదురుతిరుగుదామా అంటే, అదీ చేతకావడం లేదు. వానలు దగ్గరపడుతున్నాయి. పునాది తవ్వేశారు. నా ఒక్కదాని మూలంగా టేకు పోయి, సంఘం చీలి, ఇల్లు లేవకపోతే ఎట్లా? రేపు మరో మోతీబాయి బండి వాగులో దిగబడితే ఆ పాపం ఎవరిది? కాంపౌండరు వస్తే కనీసం మందు దొరుకుతుంది. అందుకే ఎవరికీ ఏమీ చెప్పకుండా, నీకు ఆరోగ్యం బాగలేదని చెప్పి బయలుదేరుతాను. అబద్ధమే. క్షమించు.

ఈ ఊరు నాది అనుకున్నాను నాయినా. అదొక్కటే నొప్పి.

నీ బిడ్డ,
రూతు

•

1948 జూలై

నాయినా,

నేను రాలేదు. రావడం లేదు. నువ్వు రోజూ బండ్ల బాట వంక చూస్తున్నావని జైసింగ్ చెప్పాడు. ఇన్నాళ్లు రాయకపోవడానికి కారణం ఒక్కటే, చేతులకు మట్టి ఆరితే కదా రాసేది! జరిగింది జరిగినట్టు చెబుతాను.

బయలుదేరిన పొద్దున జైసింగ్ నా పెట్టెను బండిలో పెట్టాడు. బాట ఆ ఇల్లు కట్టే చోటు పక్క నుంచే పోతుంది. ఆడవాళ్లు మట్టి తొక్కుతున్నారు. శ్రీపాల్‌రెడ్డి టేకు బండ్లు వచ్చి నిలబడి ఉన్నాయి. లచ్చయ్య అన్న బండికి అడ్డం వచ్చి, "యాడికి చెల్లె?" అన్నాడు. మా నాయినకు పానం బాగలేదన్నాను.

అంతలో మా వడ్రంగి వడ్ల ఉప్పలయ్య చేతిలో బాడిసతో వచ్చాడు. "పోతే పోదువు గని, గిదొక్కటి జెప్పి పో రూతమ్మా. పటేలు రెండు దర్వాజలు జెయ్యుమన్నడు. ముందటిది సరే. ఎనకది ఎవలికి? ఎంత ఎత్తు వెట్టాలె? అడిగితే నిన్నడుగుమంటడు."

మట్టి తొక్కుతున్న కాళ్లు ఆగిపోయాయి. శ్రీపాల్‌రెడ్డి అక్కడే ఉన్నాడు. దాచలేదు. నాతో చెప్పిన మాటే అందరి ముందూ చెప్పి, "అందరి మంచికే అంటున్న" అన్నాడు.

లచ్చయ్య అన్న తల గోక్కున్నాడు. టేకు వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు. "ముందుగాల ఇల్లు లేవనియ్యిండ్రి. దర్వాజల ముచ్చట ఎనక జూద్దాం" అన్నాడు.

ఆ మాటకు నేను బండి దిగాను నాయినా. ఎట్లా దిగానో నాకే తెలియదు. "లచ్చన్నా, వెట్టికి గడీకి పోయినప్పుడు నువ్వు ఏ దర్వాజ కాడ నిలవడ్డవు?" అని అడిగాను.

ఆయన నేల చూశాడు. "ఎనక దర్వాజ కాడ."

"ఉప్పలన్నా, నువ్వు?"

"గాడనే. ఆ గడీ సింహద్వారం నా చేతితోని జేసిందే. నిలవెట్టిన తెల్లారి కెళ్లి నన్నే ముందటి నుంచి రానియ్యలే" అన్నాడు. అని చేతిలోని బాడిసను చూసుకున్నాడు.

"మరి ఆ ఎనక దర్వాజను గడీల నుంచి వీకి తెచ్చి ఈడ నిలవెడ్తమా? అయితే నిలవెట్టుండ్రి. నేను మాత్రం దాంట్లకెళ్లి రాను" అన్నాను. తల వంచలేదు.

అప్పుడు కొమురమ్మ మట్టిలోంచి బయటికి వచ్చింది. ఆమె కాలి పుండును చలికాలమంతా కడిగి కట్టు కట్టింది నేనే. అయినా తాగే మందు మాత్రం తన అరుగు మీద పెట్టించుకుని, నేను పక్కకు జరిగాక తీసుకునేది. ఈ సంగతి నీకు ముందు రాయలేదు. రాయాలనిపించలేదు.

"పటేలునంటున్నరు గని, నా అరుగే ఒక ఎనక దర్వాజాయె" అంది కొమురమ్మ. "పుండు గడిగే చెయ్యి పనికొచ్చింది, మందిచ్చే చెయ్యి పనికిరాకపాయె. నాకు బుద్ధి లేకపాయె." మట్టి చేతిని చీరకు తుడుచుకుని నా ముందు చాపింది. "ఇయ్యాల మందియ్యకనే పోతున్నవు. ఇయ్యి బిడ్డా."

మందు పెట్టెలో ఉంది. పెట్టె బండిలో ఉంది. జైసింగ్ పెట్టెను కిందికి దించాడు. సీసా తీసి ఆమె అరచేతిలో పోశాను. అందరూ చూస్తుండగా తాగింది. చేదుకు మొఖం ముడిచి, "ఇన్నొద్దులు అరుగు మీద ఇంత చేదు లేకుండె" అంది. ఎవరో పక్కున నవ్వారు. అంతే, ఆడవాళ్లంతా నవ్వారు.

"అక్కా, పెట్టె మల్ల ఎక్కియ్యాల్నా?" అని అడిగాడు జైసింగ్. నేను జవాబు చెప్పేలోపే ఎడ్లను విప్పి గడ్డికి వదిలాడు.

శ్రీపాల్‌రెడ్డి టేకు బండ్లను మళ్లించుకుని పోయాడు. ఆయన వెంట నాలుగు ఇళ్లవాళ్లు పోయారు. లేదని చెప్పను. ఇప్పటికీ వాళ్లు మా దవాఖానకు రారు. దారిలో ఎదురైతే ఆయన నన్ను పలకరిస్తాడు, నేనూ పలకరిస్తాను. అంతకుమించి ఏమీ లేదు. సంఘం మాత్రం ముక్కలు కాలేదు.

టేకు లేదు కాబట్టి అన్నీ తాటిదూలాలే. దర్వాజ మాత్రం ఒక్కటే, ముందటిది. లచ్చయ్య అన్న సిగ్గుపడ్డాడో ఏమో, తన గొర్లను తమ్ముడికి అప్పగించి రోజంతా గోడ పనిలోనే ఉన్నాడు. తండావాళ్లు అడవి నుంచి వాసాలు తెచ్చారు. మా వాడ మగవాళ్లు రాయి మోశారు. తాత పేనిన తాళ్లతో వాసాలు కట్టాం. మొదటి వాన పడకముందే పెంక కప్పాం.

కప్పిన కొద్ది రోజులకే రజాకార్లు వచ్చారు. ముందే కబురు తెలిసి ఊరంతా తండా గుట్ట ఎక్కింది. మోతీబాయి బిడ్డ ఏడవకుండా నేనే ఎత్తుకుని కూర్చున్నాను. అక్కడి నుంచే పొగ చూశాం. దిగి వచ్చేసరికి కప్పు ఒక పక్క కాలి కూలిపోయింది. పెంకంతా నుగ్గునుగ్గు. మట్టిగోడలు నల్లబడి, అట్లాగే నిలబడి ఉన్నాయి. అందరం బిక్కమొఖాలు వేసుకుని చూస్తుంటే ఉప్పలయ్య గోడను తట్టి, "టేకైనా గిట్లనే కాలుతుండె. తాటిమొద్దులకేం కరువు, నడువుండ్రి" అన్నాడు. కుమ్మరివాళ్లు మళ్లీ ఆవం పేర్చారు. వానలో తడుస్తూనే మళ్లీ కప్పాం నాయినా. ఈసారి చందా అడగనే లేదు, ఎవరికి వాళ్లే తెచ్చారు.

నన్ను రమ్మని అడగకు. నువ్వే రా, అవ్వను తీసుకుని రా. మా బడికి అర్ర ఉంది, పిల్లలున్నారు, పెద్దవాళ్లు కూడా పలకలు పట్టుకుని వస్తున్నారు. పంతులే లేడు. ఇక్కడ ఎవరికి ఏ కాగితం చదివినా ముందటి వసారాలో కూర్చుని చదువుతావు.

నిన్న పొద్దున పక్క ఊరి నుంచి ఒక కోడలిని బండిలో తెచ్చారు. మధ్యాహ్నానికి కొడుకు పుట్టాడు. ఆమె అత్త వసారాలో కూర్చుని, నలుదిక్కులా చూసి, "సల్లగున్నది. ఈ ఇల్లు ఎవలు గట్టిచ్చిన్రు?" అని అడిగిందట. అడగకపోయినా బాగుండేది! "దూలాలు మాయి" అన్నాడు గౌండ్ల ముసలాయన. "నెత్తి మీద పెంక లేకుంటే నీ దూలాలు నానిపోతుండె" అంది కుమ్మరి ఆమె. వాసాల సంగతి జైసింగ్ ఎత్తాడు. తాత తాళ్ల గురించి కోపంగా మొదలుపెట్టాడు. మట్టి తొక్కింది ఎవలని కొమురమ్మ అందరినీ మించి అరిచింది. లోపల పసివాడు ఉలిక్కిపడి లేచాడు. వాళ్ల నోళ్లు మూయిద్దామని నేను కోపంగా బయటికి వచ్చాను.

వచ్చి, ఒక్క మాటా అనలేక, గుమ్మంలో నిలబడి వింటూ ఉండిపోయాను.

నీ కోసం చూస్తుండే
రూతు