గిన్నె ఖాళీగా పంపకూడదు

11 ఆగస్టు 1994, గురువారం
మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చాను. పైఅంతస్తు లూపే పంపిన మెక్సికో కోడికూర ఉంది. పేరు మోలే అట. నా భార్య రషీదున్నీసా రుచి చూసి, "యాడుంది కారం దీంట్లో? రేపు దీన్ని నేను వండి, ఇదే గిన్నె నిండా పంపిస్తా. కడప చెయ్యంటే ఏందో చూడనీ" అంది. గిన్నె కడిగి బోర్లించింది. నాలుగింటికి గుండెనొప్పి. ఆసుపత్రిలో, సాయంత్రం మగ్రిబ్ నమాజు లోపే, పోయింది.

28 సెప్టెంబర్, బుధవారం
లూపే భర్త కాంట్రాక్టు ముగిసింది. వచ్చే శనివారం కాక ఆపై శనివారం విమానం. ఆమె గిన్నె ఇంకా మా ఇంట్లోనే ఉంది. నీలిపూల గిన్నె. పొరుగు గిన్నె ఖాళీగా పంపకూడదు. అది రషీదున్నీసా చట్టం. పరామర్శకు వచ్చి బిర్యానీ తిని పోయిన మేముండే ఈ అరబ్బు దేశపు అజైబా పేట పెద్దమనుషుల్లో ఒక్కరికీ ఇది పట్టదు.
నిర్ణయం: ఆమె మాట నేను నిలబెడతాను. మోలే నేనే వండుతాను. కెమిస్ట్రీ బి.ఎస్సీ.ని. కూర అంటే రసాయన చర్య, అంతే! ఇక హోటల్ పరోటా పొట్లాలు బంద్.

29 సెప్టెంబర్
మా అమ్మాయి జువేరియా పైకెళ్ళి పద్ధతి రాసుకొచ్చింది. ఎండుమిరపకాయలు పది, నువ్వులు, వేరుశెనగపప్పు, టమాటా, దాల్చినచెక్క. చివర్లో చాక్లెట్. కోడికూరలో చాక్లెట్!
"వీళ్ళ చేతికి మిరపకాయ ఎవరిచ్చారో!" అన్నాను.
"వాళ్ళే మనకిచ్చారు అబ్బాజాన్. హిస్టరీ పుస్తకంలో ఉంది."
పుస్తకాలు కూడా చెడిపోయాయి.

30 సెప్టెంబర్, శుక్రవారం
వాళ్ళకు పది అయితే కడపవాడికి పదిహేను. ఊరి మిరపకాయలే వేశాను. చాక్లెట్ వేయలేదు. నాకింకా మతి పోలేదు. వేయించగానే ఘాటు మెట్లు దిగింది. కింది ఫ్లాటు ఈజిప్టు ఆయన గ్యాస్ లీకనుకొని బనీనుతో రోడ్డెక్కాడు. పిరికివాడు.
జువేరియా ఒక ముక్క తిని కళ్ళు తుడుచుకుంది. నేనూ తుడుచుకున్నాను. కారానికే.

1 అక్టోబర్
పారేయడమెందుకని కూర ఆఫీసుకు తీసుకెళ్ళాను. కంపెనీ డ్రైవర్ భూమేశ్ ఒక ముద్ద తిన్నాడు.
"కోడి నసీబు మంచిగుంది సార్. ముందే సచ్చింది. తినుడు మాకొచ్చింది."
మెక్సికో మిరపకాయ అరచేయంత ఉంటుందట, కారం తక్కువట. లూపే ఇప్పుడు చెబుతోంది. మహా ఉపకారం!

3 అక్టోబర్
రెండో ప్రయత్నం. మిరపకాయలు ఐదు. నువ్వులు మాడాయి. చాక్లెట్ అడుగంటింది. ఫ్రీజర్ కోడి పైన ఉడికింది, లోపల ఐసుగడ్డ. రసాయన చర్య జరగలేదు.

5 అక్టోబర్, బుధవారం
ఆఫీసులో స్టాకు తనిఖీ. వండలేదు. అయినా అది రషీదున్నీసా భోజనం మధ్యలో అన్న మాట. ఆమే మరిచిపోయి ఉండేది.
పరోటా పొట్లం తెచ్చాను. జువేరియా విప్పలేదు.

7 అక్టోబర్, శుక్రవారం
జుమా నమాజు తర్వాత గిన్నెలో ఇక్కడ పేరున్న సమాయిల్ ఖర్జూరాలు పోసుకొని పైకెళ్ళాను. ఓటమి మీద కప్పడానికి అంతకంటే మంచివి దొరకలేదు. అట్టపెట్టెల మధ్య లూపే. గిన్నె చూసి నవ్వింది.
"ఇది నాది కాదు. రషీదాది. దీన్నిండా వంకాయ కూర పంపింది. నేను మోలే నింపి తిరిగిచ్చాను."
ఖర్జూరాలు తీసుకుంది. వంటింట్లో వెతికి, మిగిలిన చాక్లెట్ బిళ్ళ గిన్నెలో వేసి నా చేతిలో పెట్టింది. "ఖాళీగా ఇవ్వకూడదు. రషీదా నేర్పింది."
మెట్ల మీద కాసేపు కూర్చున్నాను. ఇరవై ఏళ్ళ కాపురం చేసి సొంత ఇంటి గిన్నెను గుర్తుపట్టలేని బి.ఎస్సీ.!
"నీకు తెలుసా?" అని జువేరియాను అడిగాను.
"అమ్మీ గిన్నెలు నాకు తెలీవా?"
"మరి చెప్పలేదేం?"
"చెబితే స్టవ్ ఆర్పేసి మళ్ళీ పరోటాలు తెచ్చేవారు."
గిన్నె తీసుకెళ్ళి స్టవ్ పక్కన పెట్టాను.
లూపే విమానం రేపు రాత్రి. గిన్నె నిండి వచ్చింది కాబట్టి మళ్ళీ మా వంతు. కోడిని ఇప్పుడే ఫ్రీజర్ నుంచి తీసి బయట పెట్టాను. భూమేశ్‌తో సెలవు కబురు పంపాను.
రేపు పొద్దున ఫజర్ నమాజు కాగానే నాలుగే నాలుగు మిరపకాయలు నానబెడతాను. లూపే ఇచ్చిన చాక్లెట్టే వేస్తాను.