ప్యానెల్ మీద అయిదు బొట్లు

తాతా,

నిరుడు నువ్వు చీకట్లో జారి పడి ప్రాణం విడిచిన మెట్లకు దీపం వచ్చిందని సవినయంగా తెలియజేస్తున్నాను. మన బొంబాయి కామాటిపుర చాల్ గదుల మేడమీద సోలార్ ప్యానెల్ బిగించాను. నా ఫిజిక్స్ డిగ్రీ ఇన్నాళ్లకు ఇంటికి పనికొచ్చింది.

మొదటి సాయంత్రం దీపం మిణుకుమంది. పైకెక్కి చూస్తే, అవ్వ ప్యానెల్ నిండా పసుపు పూసి అయిదు బొట్లు పెట్టింది.

"ఎండ లోపలికి పోవాలె అవ్వా," అన్నాను.

"కొత్త సామానుకు బొట్టు పెట్టకుంటెట్ల బేటా? మీ తాత తన తాపీకి బొట్టు పెట్టకుండ ఎన్నడన్న పనికి పోయిండా?"

అద్దం తుడిచి, బొట్లను చుట్టూ ఉన్న ఫ్రేముకు మార్చాను. ఇప్పుడు మెట్లన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. అవ్వ మాత్రం నువ్వు జారిన నాలుగో మెట్టు తొక్కదు, దాటి ఎక్కుతుంది.

ఫిజిక్స్ చదివిన నేనూ అంతే.